గేటమ్మ ఆకాశం కాసిన రోజులు

గేటమ్మను పనిలోకి తీసుకునేటప్పుడు సారు అడిగిన ప్రశ్న ఒక్కటే. విసుగు పుట్టకుండా ఒకేవైపు ఎంతసేపు చూడగలవమ్మా, అని. రైలు వచ్చేదాకా చూస్తాను సార్, అంది గేటమ్మ. రైలు రాకపోతే, అన్నాడాయన. రాలేదంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి కదా సార్, అంది. సారు దళసరి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రేపు పొద్దున్నే వచ్చెయ్యమన్నాడు. ఇంతకంటే చిన్న ఇంటర్వ్యూతో ఆకాశంలో ఉద్యోగం సంపాదించినవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళకో దండం.

ఆకాశంలో ఉద్యోగమంటే ఆమె ఎగరడం కాదు. ఎగిరేది మనిషి ఎక్కని చిన్న విమానం. కింద నిలబడి దాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఆమె పని. అదేం పనని పెదవి విరిచేవాళ్ళకు ముందు రైలు గేటు సంగతి చెప్పాలి.

ఊరి చివర రోడ్డూ రైలు పట్టాలూ కలిసే చోట ఆమె ఏళ్ళ తరబడి గేటు వేసింది, తీసింది. ఆ ఉద్యోగంలో మంచిపేరు రాదు. గేటు వేస్తే బస్సు డ్రైవరు దగ్గర్నుంచి పాలబండి అతని దాకా అందరూ తిట్టేవాళ్ళే. తీస్తే మాత్రం థాంక్స్ చెప్పడానికి ఎవరూ ఆగరు. ఆమె అవేవీ మనసుకు పట్టించుకోలేదు. పట్టాల మలుపు వైపు కళ్ళలో వత్తులు వేసుకుని చూడటం, రైలు క్షేమంగా దాటిపోయాక ఊపిరి పీల్చుకోవడం, అదే జీవితమైపోయింది. ఊరంతా ఆమెను గేటమ్మ అనే పిలిచేది. ఉన్నట్టుండి పట్టాల కింద నుంచి కొత్త దారి వేశారు, గేటు ఎత్తేశారు. జనం సంబరపడ్డారు. అదీ న్యాయమే. గేటమ్మ ఇంటికొచ్చి కూర్చుంది.

ఇంటి ముందు గదిలోనే భర్త సెలూన్. ఆమె గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, పాత అలవాటు కొద్దీ అతని చేతిలోని కత్తినే చూస్తూ ఉండేది. అలా గుడ్లప్పగించి చూస్తుంటే గడ్డం గీయించుకునేవాళ్ళకు చెమటలు పట్టేవి. కొందరు వేరే సెలూన్ చూసుకోవడం మొదలుపెట్టారు. "నువ్వలా చూస్తే నా చెయ్యి వణుకుతోందే. పుణ్యముంటుంది, కాసేపలా బయట తిరిగిరా" అని భర్త బతిమాలుకున్నాడు. ఆమెకు కోపం రాలేదు, దిగులేసింది. చూడటం తప్ప తనకేమీ రాదు. ఇప్పుడు తను చూడటం ఎవరికీ అక్కర్లేదు. తిరిగిరావడానికి తెలిసిన దారి పట్టాల వైపే కాబట్టి అటే నడిచింది.

పట్టాలకు అవతల, ఎప్పుడో వాడకం ఆపేసిన రన్‌వే ఒకటుంది. పగుళ్ళలో గడ్డి మొలిచిన ఆ రన్‌వే పక్కన ఒక తెల్ల వ్యాను ఆగి ఉంది. వ్యాను చుట్టూ ముగ్గురే మనుషులు. ఒకాయన వాతావరణ పరిశోధన చేసే సారు. ఒకమ్మాయి గొడుగు కింద స్క్రీన్ పెట్టుకుని విమానాన్ని నడిపే పైలట్ పిల్ల. మూడో అతను మెకానిక్. విమానాన్ని చేత్తో విసిరి ఎగరేసేదీ, దిగాక తెచ్చి తుడిచేదీ అతనే. నాలుగో మనిషి కోసం వాళ్ళు వెతుక్కుంటున్న రోజుల్లోనే గేటమ్మ కంచె పక్కన నిలబడి వాళ్ళ విమానాన్ని చూడటం మొదలుపెట్టింది. సారు వచ్చి ఆ ప్రశ్న అడిగింది అక్కడే.

వాళ్ళు ఆ ఊరి గాలి సంగతి కనుక్కోవడానికి వచ్చారు. చలికాలం పొద్దున పూట ఊరి మీద పొగ కదలకుండా ఎందుకు పడి ఉంటుంది, ఏ ఎత్తున ఆగిపోతుంది, ఎప్పుడు విడిపోతుంది అన్నది వాళ్ళ పరిశోధన. అది తెలిస్తే, రేపు పొద్దున గాలి బాగుండదు, ఆయాసం ఉన్నవాళ్ళు బయటికి రావద్దు అని ముందురోజే చెప్పొచ్చు. నేల మీద పెట్టిన పరికరాలకు పై సంగతి తెలీదు. బెలూన్ వదిలితే ఒక్కసారి పైకెళ్ళి గాలివాటాన ఎటో కొట్టుకుపోతుంది. ఈ విమానమైతే గుండ్రంగా చుట్లు తిరుగుతూ పైకెక్కి, ఎక్కినంత మేరా వేడినీ తేమనూ పొగనూ కొలుచుకుని దిగుతుంది. బ్యాటరీ మారిస్తే మళ్ళీ ఎక్కుతుంది.

సారు ఆమెకు దాన్ని గిన్నె మీద మూతతో పోల్చి చెప్పాడు. రాత్రి నేల చల్లబడితే నేలనంటుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ ఆ మూత దాటి పోలేదు. ఎండకు నేల వేడెక్కాకే మూత తొలగుతుంది. గేటు దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆ పొగ ఇస్త్రీ చేసినట్టు ఒకే ఎత్తున పరుచుకోవడం చూసి, తన భ్రమేమో అనుకునేది గేటమ్మ. భ్రమ కాదని చెప్పిన మొదటి మనిషి సారు. ఆ ఒక్క మాటకే ఆయన మీద ఆమెకు గురి కుదిరింది.

ఇక ఆమె పని. పైలట్ పిల్ల కళ్ళు ఎప్పుడూ స్క్రీన్ మీదే ఉంటాయి. అంకెలు, గీతలు, బ్యాటరీ, గాలి వేగం, చూసుకోవాల్సినవి చాలా ఉంటాయి. కాబట్టి విమానం పైన ఉన్నంతసేపూ దాన్ని మామూలు కళ్ళతో చూస్తూ ఉండటానికి ఒక మనిషి ఉండి తీరాలని నిబంధన. ఇంకో విమానం గానీ హెలికాప్టర్ గానీ అటు వస్తే ముందుగా చూసి చెప్పాల్సింది ఆ మనిషే. రన్‌వే పక్కనున్న పాత స్టోర్‌రూమ్ డాబా మీద గేటమ్మ వాకీటాకీ పట్టుకుని నిలబడేది. కాసేపటికోసారి బొత్తాం నొక్కి "కనిపిస్తోంది" అనేది. ఆమె "కనిపించడం లేదు" అంటే మాత్రం మారుమాట లేకుండా విమానాన్ని దించెయ్యాలి. సగం కొలతలు పోయినా సరే, ఎంత మంచి రోజైనా సరే.

ఆ సంగతి విన్న రోజు గేటమ్మకు రైలు గేటే గుర్తొచ్చింది. గేటు దగ్గర ఆమె మాట విని ఆగినవాళ్ళు కూడా తిడుతూనే ఆగేవాళ్ళు. ఇక్కడ ఇంత చదువుకున్నవాళ్ళు ఆమె ఒక్క మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నారు. సెలూన్‌లో భర్త గొప్పలకు అంతు లేకుండా పోయింది. మా ఆవిడ చూడనిదే విమానం ఎగరదని వచ్చినవాళ్ళందరి తలలూ పట్టుకుని మరీ చెప్పేవాడు. తల అతని చేతిలో, కత్తి మెడ మీద ఉన్నప్పుడు కాదనే ధైర్యం ఎవరికుంటుంది! గేటమ్మ పైకి విసుక్కునేది గానీ లోపల్లోపల మురిసిపోయేది. పొద్దున్నే నిద్ర లేచినప్పుడు వెళ్ళాల్సిన చోటు ఒకటుందని గుర్తొస్తే ఆమెకు కళ్ళు చెమర్చేవి. దేవుడికి చెప్పాలో సారుకు చెప్పాలో తెలియక ఇద్దరికీ మనసులోనే దండం పెట్టుకునేది.

అలా రెండు చలికాలాలు బాగానే గడిచాయి. మూడో చలికాలం మొదట్లో ఆమె, సెలూన్ అద్దం తుడవడం మానేశారా అని భర్తను అడిగింది. అతను అప్పుడే తుడిచి గుడ్డ ఆరేస్తున్నాడు. ఇంకోసారి తుడిచాడు. అయినా అద్దం మసగ్గానే ఉంది. వీధి దీపం చుట్టూ పొగలాంటి గుండ్రం కనిపించసాగింది. ఎదురుగా వచ్చే బస్సు నంబరు దగ్గరికొచ్చేదాకా తెలిసేది కాదు. కుడికన్ను మూసుకుంటే కాస్త నయం. మసక అద్దంలో కాదు, తన కంట్లోనే ఉందని ఆమెకు అర్థమైపోయింది. భర్తకు చెప్పలేదు. చెబితే అతను సెలూన్ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పేస్తాడు, ఆ ప్రతివాడూ ఊరికి చెబుతాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. కన్ను పోయిందంటే పని పోతుంది. పని పోతే మళ్ళీ ఆ గుమ్మం, ఆ కుర్చీ. ఆ భయంతో ఆమె నోరు కట్టేసుకుంది.

మంచు విడిచి, ఎండ సూటిగా కళ్ళలో కొడుతున్న ఒక పొద్దున, విమానం చుట్లు తిరుగుతూ పైకెక్కుతుండగా ఆ తెల్ల చుక్క గేటమ్మ చూపు నుంచి జారిపోయింది. కళ్ళు చికిలించి, కుడికన్ను మూసి, తెరిచి వెతికితే కాస్త పక్కన చుక్క మళ్ళీ కనిపించింది. గుండ్రంగా తిరుగుతోంది, పైకే ఎక్కుతోంది. ప్రాణం లేచి వచ్చింది. భయపడ్డ మనిషి అవసరానికి మించి మాట్లాడుతుంది కదా, ఆమె కూడా బొత్తాం వదలకుండా "కనిపిస్తోంది, కనిపిస్తోంది, బాగా ఎక్కుతోంది" అంటూనే ఉంది. ఆ వాకీటాకీలో ఒక చిక్కుంది. బొత్తాం నొక్కి ఉంచినంతసేపూ మన మాట అవతలికి పోతుంది గానీ అవతలి మాట మనకు వినబడదు. గాలి పెరిగింది, దించేస్తున్నానని పైలట్ పిల్ల చెప్పిన మాట ఆమె చెవిన పడనే లేదు.

విమానం దిగింది. మెకానిక్ వెళ్ళి దాన్ని ఎత్తుకుని వ్యాను దగ్గరికి తెస్తున్నాడు. వాకీటాకీలో మాత్రం గేటమ్మ గొంతు ఆగలేదు. "ఇంకా పైకి పోతోంది. అబ్బ, ఇవాళ ఎంత చక్కగా తిరుగుతోందో!" మెకానిక్ చేతిలోని విమానాన్ని చూశాడు, పైకి చూశాడు. పైన ఒక గద్ద రెక్కలు చాపుకుని తాపీగా చుట్లు తిరుగుతోంది. అతను నవ్వాపుకోలేక విమానాన్ని గడ్డిలో పెట్టి అక్కడే కూలబడ్డాడు. సారు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వనిది పైలట్ పిల్ల ఒక్కతే.

మెకానిక్ వెళ్ళి పిలుచుకొస్తే గేటమ్మ డాబా దిగి వచ్చింది. వ్యాను పక్కన బల్ల మీద రెక్కలు విప్పి పెట్టిన విమానాన్ని చూసింది. తలెత్తి ఆకాశం వైపు చూసింది. చుక్క ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె ముఖం పాలిపోవడం చూసి ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

సారుది మెత్తని మనసు. నవ్వినందుకు నొచ్చుకుంటూ, విమానం దిగిపోయాకే నీ చూపు పిట్ట మీదికి పోయుంటుందిలేమ్మా, అంతే కదా, అన్నాడు. అంతే అని తలూపితే చాలు. అది నవ్వుకునే కబురుగా మిగిలిపోయేది, మర్నాడు పొద్దున్నే ఆమె మళ్ళీ డాబా మీద ఉండేది. తలూపెయ్యాలని గేటమ్మకు ఎంతగా అనిపించిందంటే, మెడ నరాలు బిగుసుకుపోయాయి. అయితే పైలట్ పిల్ల ఆమెనే చూస్తోంది.

"కాదు సార్" అంది గేటమ్మ. "మధ్యలో ఒకసారి పోయింది. మళ్ళీ దొరికిందనుకున్నాను. అది పిట్టని ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలీదు. కొన్నాళ్ళుగా నా కళ్ళు బాగోలేవు. చెబితే పని పోతుందని చెప్పలేదు."

సారు బల్ల మీద చెయ్యి ఆనించి, ఈ సంగతి పైవాళ్ళకు చెప్పాలి, ప్రస్తుతానికి ఎగరెయ్యడం ఆపేద్దాం, అన్నాడు. ఎదురు చూసిన చలి రోజులు ముందున్నాయి. ఆ రోజుల కోసమే వాళ్ళు ఏడాదంతా కాచుకుని కూర్చున్నారు. తన వల్ల అవి పోతున్నాయని తెలిసి గేటమ్మకు తల కొట్టేసినట్టయింది. వాకీటాకీ బల్ల మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా పట్టాల వైపు నడిచింది.

వెనక నుంచి పైలట్ పిల్ల స్కూటర్ వేసుకుని వచ్చి ఆమె పక్కన ఆపింది. కోప్పడుతుందేమోనని గేటమ్మ నిలబడిపోయింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పైన విమానం ఉన్నప్పుడు నేను స్క్రీన్ మీంచి తలెత్తి ఒక్కసారి కూడా చూడనక్కా. నువ్వున్నావని" అంది. "ఇవాళ నువ్వు తలూపేసి ఉంటే రేపు కూడా తలెత్తకుండా కూర్చునేదాన్ని. ఎక్కు, కళ్ళ ఆసుపత్రికి పోదాం."

కళ్ళ డాక్టరమ్మ లైటు వేసి చూసి, కుడికంట్లో శుక్లం బాగా ముదిరిందనీ ఎడమకంట్లో ఇప్పుడే మొదలవుతోందనీ చెప్పింది. ఆపరేషన్ చేస్తే చూపు వచ్చేస్తుంది, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారమ్మా, అని చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లు గేటమ్మకు చల్లగా తగిలాయి. తను గుడ్డిదాన్నైపోతున్నానని కుమిలిపోతుంటే, అది రోజూ ఎందరికో చేసే ఆపరేషనట! ఆసుపత్రి బల్ల మీద కూర్చుని పైలట్ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల ఏడవద్దనలేదు, చెయ్యి వెనక్కి తీసుకోనూలేదు.

ఆపరేషన్ అయ్యాక నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే భర్త చుక్కలమందు బాధ్యత తన మీద వేసుకున్నాడు. సగం గడ్డం గీసిన మనిషిని నురగతో వదిలేసి, చేతులు కడుక్కుని, వేళ తప్పకుండా వచ్చి చుక్కలు వేసేవాడు. నాతో ఎందుకు చెప్పలేదే, అని ఒక్కసారే అడిగాడు. మీ నోట్లో మాట ఆగదని, అంది. అతను కాసేపు ముఖం ముడుచుకుని, నిజమేలే అని ఒప్పుకున్నాడు. కట్టు విప్పిన రోజు ఆమె మొదట చూసింది అతని మీసాన్నే. సెలూన్ నడిపే మనిషి మీసానికి సగమే రంగు వేసుకుంటారా అంటే, ఇన్నాళ్ళూ సగమే వేసినా నీకు కనబడలేదని తెలిసిపోయింది, అని నవ్వాడు.

కన్ను బాగుపడుతున్నా మనసు కుదుటపడలేదు. చలి రోజులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. ఈపాటికి డాబా మీద వేరే ఎవరో నిలబడి ఉంటారు. కుర్రవాళ్ళను పెట్టుకుని ఉంటారు, మంచి కళ్ళున్నవాళ్ళను. అదే న్యాయమని తనకు తాను చెప్పుకునేది, చెప్పుకుని దిండు తడుపుకునేది.

ఒక మధ్యాహ్నం భర్త చేతిలో కత్తెరతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు. సారు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడట. విమానం ఎలా ఎగురుతోందని మాటల్లో అడిగితే, ఎగరడం లేదు, పెట్టెలో ఉంది, అన్నాడట. పైవాళ్ళు మళ్ళీ ఎగరెయ్యమని ఎప్పుడో చెప్పారట. చూసే మనిషిని పెట్టుకోలేదా అంటే ఆయన చెప్పిన మాటను భర్త ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

"చూసేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారయ్యా. చూడలేకపోయానని చెప్పేవాళ్ళు దొరకరు. ఆమె వచ్చేదాకా ఆగుతాం అన్నాడే."

గేటమ్మ ఆ మాటను ఇంకోసారి చెప్పించుకుంది. మూడోసారి చెప్పమనబోతుంటే ముందు గదిలోంచి సారు దగ్గు వినబడింది. సగం తల కత్తిరించిన మనిషిని అద్దం ముందు వదిలేసి వచ్చానని భర్తకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె మళ్ళీ డాబా ఎక్కేటప్పటికి చలికాలం చివరికొచ్చింది. ముందురోజు సాయంత్రం డాక్టరమ్మ ఆమె రెండు కళ్ళూ పరీక్షించి, నిక్షేపంలా చూడొచ్చంది. ఆ పొద్దున చలి ఎముకలు కొరుకుతోంది. పొగ ఊరి కప్పుల మీద బల్లపరుపుగా పరుచుకుని ఉంది. ఇలాంటి ఉదయం ఈ ఏడాదికి ఇదే ఆఖరు కావచ్చని సారు అన్నాడు. మెకానిక్ విమానాన్ని విసిరాడు. గేటమ్మ చూస్తూ ఉంది. తెల్లటి రెక్కలు, వాటి అంచున ఎర్ర పట్టీ, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ ఎర్ర పట్టీ ఉందన్న సంగతే ఆమె మరిచిపోయింది. పైన గద్ద కూడా ఉంది. ఏది గద్దో ఏది విమానమో చిన్నపిల్లలు కూడా చెప్పగలరనిపించి నవ్వొచ్చింది.

"కనిపిస్తోంది" అంది, బొత్తాం వదిలింది.

విమానం ఒక్కో చుట్టు తిరుగుతూ ఎక్కుతోంది. మూత ఉన్న ఎత్తుకు చేరుతుండగా పట్టాల వైపు నుంచి పల్చటి మంచు తెర ఒకటి జరిగొచ్చింది. విమానం అందులోకి వెళ్ళింది. ఇటు నుంచి వెళ్ళింది కాబట్టి అటు నుంచి వస్తుంది, ఎక్కడ వస్తుందో కూడా ఆమెకు తెలుసు. క్షణం ఆగితే చాలు. ఏడాదంతా ఎదురుచూసిన కొలతలు, ఆఖరి చలి ఉదయం, తన కోసం ఆగిన మనుషులు. ఇప్పుడు నోరు విప్పితే అన్నీ పాడవుతాయి. తెర వైపే చూస్తూ ఆమె బొత్తాం నొక్కింది.

"కనిపించడం లేదు."

అవతల గొడుగు కింద పైలట్ పిల్ల తలెత్తలేదు. ఎందుకని అడగలేదు, ఇంకోసారి చూడమనలేదు.

"సరే అక్కా, దించుతున్నాను" అంది.

సారు లేచి నిలబడి, డాబా వైపు తిరిగి చెయ్యెత్తాడు. రైలు గేటు దగ్గర అన్నేళ్ళలో ఆమె ఆపిన వాళ్ళెవరూ ఆమెకు అలా చెయ్యెత్తలేదు. గేటమ్మ కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు. విమానం మంచులోంచి బయటపడి, చుట్లు తిరుగుతూ దిగి, గడ్డిని రాసుకుంటూ ఆగేదాకా, మెకానిక్ వెళ్ళి దాన్ని రెండు చేతులతో ఎత్తుకునేదాకా ఆమె చూపు తిప్పలేదు. "దిగింది" అని చెప్పి, వాకీటాకీని పిట్టగోడ మీద పెట్టి, అప్పుడు కళ్ళు తుడుచుకుంది.